ఉల్లంకులను సాగనంపిన సాయంత్రం

తెల్లవారుజాము ఐదుంబావు. సూళ్లూరుపేటలో ఇంకా ఏ తలుపూ తెరుచుకోలేదు. రోడ్డు పక్క టీ బంకు ఒక్కటే మేలుకొని ఉంది. నా భుజాన ఉన్న స్టాండునీ, మెడలో వేలాడే బైనాక్యులర్‌నీ చూసి టీ కాచే అతను అడుగుతాడు.

"రాకెట్టుందా ఇయాల?"

"రాకెట్టు కాదన్నా. పిట్టల కోసం."

"పిట్టలా! అయ్యి పోయేకాలంలో వచ్చినావే. సంక్రాంతప్పుడు రావాల్సింది."

అతనన్నది నిజమే. చలికాలంలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో ఇక్కడ ఏ గోడ చూసినా పక్షుల బొమ్మలే, ఏ రోడ్డు చూసినా బడిపిల్లల బస్సులే. ఇప్పుడు ఏప్రిల్ రెండో వారం. వచ్చే చుట్టాలకు ఎదురేగడానికి ఊరంతా కదిలింది. వెళ్లేవాళ్లను పొలిమేర దాకా సాగనంపే మనిషి లేడు. నేను వచ్చింది ఆ పని మీదే. టీ గ్లాసు బంకు మీద పెట్టి శ్రీహరికోట రోడ్డెక్కుతాను.

ఊరు దాటాక నేల మెల్లగా రంగు మార్చుకుంటుంది. ముందు తుమ్మచెట్లు, తర్వాత ఉప్పు పేరిన తెల్లటి నేల, ఆ తర్వాత బురద. చివరికి రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు. అదే పులికాట్. ఇక్కడి పాతవాళ్ల నోట ప్రళయకావేరి. చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఎంత పెద్దదో అంత లోతులేనిది. చాలాచోట్ల మనిషి నడుము దాటదు. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నీళ్లు ఇటు నుంచి, సముద్రపు పోటు అటు నుంచి వచ్చి కలిస్తేనే దీనికి ప్రాణం. ఎండ ముదిరేకొద్దీ ఉత్తరపు భాగం ఇగిరిపోతుంది. జనవరిలో పడవ తిరిగిన చోట మేలో మోటారు సైకిలు పోతుంది.

అటకానితిప్ప దగ్గర బండి ఆపి దిగుతాను. ఇంకా మసక చీకటే. ఉప్పు, కుళ్లిన నాచు, ఎక్కడో ఎండేసిన చేప, మూడూ కలిసిన వాసన గుప్పుమంటుంది. కళ్లకు ఏమీ కనబడకముందే చెవులకు సరస్సు అందుతుంది. కుడివైపు ఎవరో గబగబా గొణుక్కుంటున్నట్టు బాతుల రొద లాంటిది. అవి రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. ఎడమ పక్క బురదలో సన్నటి "టిట్... టిట్... ట్రిర్" చప్పుళ్లు, చిన్న చిన్న గాజుపూసలు రాలుతున్నట్టు. నా అడుగుల చప్పుడుకు ఒక తీతువు లేచి తల మీద తిరుగుతూ అరుస్తుంది. మా అమ్మమ్మ దాని కూత వింటే ప్రయాణం మానుకునేది. పిట్టలు చూసేవాడికి మాత్రం అది చెరువు కాపలాదారు. వచ్చినవాడెవడో అందరికీ చాటేస్తుంది.

తూర్పున శ్రీహరికోట చెట్ల గీత వెనక ఆకాశం ముందు బూడిదరంగు, తర్వాత పసుపు. ఆరు కాకముందే సూర్యుడు ఆ గీత మీదికి తల పెడతాడు. కుడిపక్క నీళ్లలో ఉన్న గులాబీ మచ్చలు ఒక్కసారిగా కాళ్లూ మెడలూ తెచ్చుకుంటాయి. మూడు నాలుగు వందలు ఉంటాయేమో. జనవరి గుంపుల్లో మిగిలినవి. తలకిందులుగా ముంచిన ముక్కు, ముందుకో అడుగు, పక్కకో అడుగు. ఆ ముక్కు అంచుల్లో జల్లెడ లాంటి పళ్లుంటాయి. నాలుక పంపులా ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. నాచూ సన్నటి పురుగులూ జల్లెడలో మిగులుతాయి. రెక్కల్లోని గులాబీ ఆ తిండిలోంచి దిగిన రంగే. మధ్యలో బూడిదరంగు మెడలతో కొన్ని కనబడతాయి. పెద్దల రంగు ఇంకా అందని పిల్లలవి.

రెండు బైకులు ఆగుతాయి. నలుగురు కుర్రాళ్లు దిగి సెల్ఫీలు తీసుకుంటారు. "సైబీరియా పక్షులురా!" అంటాడొకడు. తెలుగునాట నీళ్లలో నిలబడ్డ ప్రతి పెద్ద పక్షికీ ఆ ఇంటిపేరు తగిలించేశాం. ఈ రాజహంసలు మన దేశంలో గుంపుగా గూళ్లు కట్టే పేరున్న చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. పక్కనున్న నేలపట్టు చెరువులో చెట్లెక్కి కాపురం చేసే గూడబాతులు, అంటే పెలికన్లు, అచ్చంగా ఈ దేశపు పక్షులే. అసలు సైబీరియా నుంచి వచ్చినవి ఆ కుర్రాళ్ల వీపు వెనక, రోడ్డుకు ఎడమవైపు బురదలో ఉన్నాయి. పిడికిట్లో పట్టేంత, మట్టిరంగువి. ఒక్కడూ అటు తిరగడు. బైకులు వెళ్లిపోతాయి.

స్టాండు దించి, స్పాటింగ్ స్కోపు అటు తిప్పుతాను.

కంటికి మట్టిబెడ్డల్లా కనబడ్డవి అద్దంలో కదులుతాయి. ఉల్లంకులు. వందల్లో. ముందు వరసలో అన్నిటికంటే చిన్నవి, పాతిక గ్రాములు తూగని లిటిల్ స్టింట్లు. నల్లకాళ్లు, పొట్టి ముక్కు. బియ్యంలో మట్టిగడ్డలు ఏరే చేతివేళ్లలా వాటి ముక్కులు టకటకా పడి లేస్తుంటాయి. వాటి వెనక, నీళ్లు మోకాలికి తగిలే చోట, కొంచెం పెద్దవి. ముక్కు పొడుగ్గా ఉండి చివర కిందికి వంగింది. పుస్తకాల్లో దీని పేరు కర్లూ శాండ్‌పైపర్. నా మటుకు నేను వంకరముక్కు ఉల్లంకి అని పిలుచుకుంటాను. ఇవాళ నేను చూడవచ్చింది దీన్నే.

నవంబరులో చూస్తే ఇవన్నీ ఒకేలా ఉంటాయి. పైన బూడిద, కింద తెలుపు. ఇప్పుడలా కాదు. ఒకదాని రొమ్ము మీద ఇటుకపొడి చిలకరించినట్టు నాలుగు మచ్చలు. ఇంకోదానికి మెడ దాకా ఎరుపు. మూడోది నిలువెల్లా కాలిన ఇటుక, కళ్ల చుట్టూ కాస్త తెల్లటి పూత తప్ప. నాలుగోది మాత్రం నవంబరులో ఎలా ఉందో అలాగే ఉంది. గుంపు మీద స్కోపు జరుపుకుంటూ పోతే ఎవరు బయలుదేరుతున్నారో, ఎవరికింకా వారం పడుతుందో, ఎవరు ఉండిపోతారో చదవవచ్చు. ఆ ఎరుపే టిక్కెట్టు. బూడిదరంగులో మిగిలినవాటిలో ఎక్కువ భాగం పోయినేడు పుట్టిన పిల్లలు. అవి ఈ వేసవంతా దక్షిణానే గడిపి, మరుసటి ఏడు వెళతాయి.

ఎరుపెక్కినవి వెళ్లేది ఉత్తర సైబీరియాలోని తైమీర్ ద్వీపకల్పం లాంటి మంచు మైదానాలకు. కొలబద్ద పెట్టి గీస్తే ఇక్కణ్ణించి ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు. జూన్‌లో మంచు కరుగుతుండగా చేరతాయి. ఆడపక్షి నేల మీద నాలుగు గుడ్లు పెడుతుంది. అది పొదుగుతుండగానే మగది దక్షిణానికి తిరుగుముఖం పడుతుంది. పిల్లలు ఎదిగేసరికి తల్లీ బయలుదేరుతుంది. చివర్న మిగిలిన పిల్లలు, దారి చూపే పెద్దలు లేకుండా, ఎన్నడూ చూడని ఉప్పునీటి బురదను వెతుక్కుంటూ వస్తాయి. లెక్క వేసి చూడండి. అక్కడ గడిపేది రెండు నెలలు. ఈ ఎండలో, ఈ బురదలో గడిపేది ఏడాదిలో సగానికి పైగా. పుట్టిల్లు అక్కడే కావచ్చు, కాపురం మాత్రం ఇక్కడే.

ఆ పుట్టింటి కబుర్లు కూడా ఈ గుంపులోనే తెలుస్తాయి. తైమీర్‌లో లెమ్మింగ్ అనే చిట్టెలుకలు కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఆపై కుప్పకూలతాయి. ఎలుకలున్న ఏడు నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి. లేని ఏడు ఉల్లంకి గుడ్ల మీద పడతాయి. ఆ శరదృతువులో దక్షిణానికి దిగే పిల్లల సంఖ్య పడిపోతుంది. ఎక్కడి ఎలుక, ఎక్కడి పులికాట్!

ఇంకాస్త దగ్గరగా చూడాలన్న ఆశ పుడుతుంది. పుట్టకూడదు. రోడ్డు కట్ట దిగి ఎండినట్టు కనబడ్డ పెచ్చు మీద అడుగు వేస్తాను. పెచ్చు పగిలి కాలు పిక్క దాకా దిగబడుతుంది. తూలి చెయ్యి విసురుతాను. అంతే, బురద మొత్తం లేచిపోయింది. వందల రెక్కలు ఒకేసారి తిరిగి తెల్లగా మెరుస్తాయి, మరో మలుపులో మాయమవుతాయి, దూరంగా, నా స్కోపుకు అందని చోట దిగుతాయి.

సిగ్గుతో చెప్పు వెతుక్కుంటాను. ఇది చిన్న తప్పు కాదు. ఈ రోజుల్లో అవి తినేదంతా ప్రయాణపు మూట. మామూలు రోజుల్లో 50, 60 గ్రాములుండే వంకరముక్కు, బయలుదేరే నాటికి 80 దాటేస్తుంది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే, ఆగకుండా ఎగిరే రాత్రులకు అదే చమురు. కొన్ని ఉల్లంకి జాతుల్లో ప్రయాణానికి ముందు జీర్ణావయవాలు కుంచించుకుపోతాయి, మోత బరువు తగ్గడానికి. అంత జాగ్రత్తగా కూడబెట్టుకున్న మూటలోంచి నా తొందరకు ఒక గుప్పెడు ఖర్చయింది.

"ఏంది అబ్బయా, పీతలకు దిగినావా?"

కట్ట మీద వల భుజాన వేసుకున్న ఒక పెద్దాయన. నవ్వుతూ చెయ్యి అందిస్తాడు. ఉల్లంకుల కోసమని చెబుతాను.

"ఉల్లంకులకు కండ పట్టింది జూసినావా? మొన్నటిదాకా ఇట్టా లేవు. ఇంక ఉండవు." స్కోపు లేకుండానే ఆయన చదివేశాడు.

నీళ్ల సంగతి అడుగుతాను. గొంతు మారిపోతుంది. "ముఖద్వారం పూడిపాయె. సముద్రం నీళ్లు లోపలికి రాకుంటే రొయ్య యాడిది, చేప యాడిది?" రాయదొరువు దగ్గర, కొండూరుపాలెం దగ్గర ఇసుక మేటలు వేసి దారి మూసుకుపోవడం ఇక్కడ పడవ ఉన్న ప్రతి ఇంటి బాధ. ఆయన వలకు రొయ్యా, ఉల్లంకి ముక్కుకు పురుగూ రావాలంటే ఆ ఒక్క తలుపే తెరవాలి. వంకరముక్కు ఉల్లంకిని 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, తన జాబితాలో ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కువున్న వర్గంలోకి మార్చింది. మధ్య ఆసియా వలసదారి 30 దేశాల మీదుగా పోతుంది. ఆ దారిలో ఏ ఒక్క మజిలీ ఎండినా పక్షికి మధ్యలో తిండి దొరకదు.

తొమ్మిది దాటేసరికి ఎండమావులు లేస్తాయి. స్కోపులో పక్షి కాళ్లు నీడల్లా వణుకుతాయి. ఇక చూసి లాభం లేదు. మధ్యాహ్నం నేలపట్టులో చెట్టునీడ. చెరువు నీళ్లు తీస్తున్నాయి. మునిగిన చెట్ల మీద గూళ్లు సగం ఖాళీ. ఆలస్యంగా పుట్టిన ఒక గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటోంది. కాసేపు కునుకు.

నాలుగున్నరకు మళ్లీ అటకానితిప్ప. ఈసారి కట్ట దిగను. ఎండ పక్కవాటుగా పడి బురద రాగిరంగు తిరిగింది. ఉల్లంకులు పొద్దున్న విడిచిన చోటికే వచ్చి ఉన్నాయి. కానీ నడవడి మారింది. ఎర్రవి తినడం ఆపేశాయి. స్నానం చేస్తాయి, ఈకలు ఒక్కొక్కటే ముక్కుతో దువ్వుకుంటాయి, ఒకదాని పక్కకొకటి చేరతాయి. పది లేస్తాయి, ఒక చుట్టు తిరిగి దిగుతాయి. మళ్లీ ఇరవై. ప్రయాణం కట్టిన ఇంట్లో పెట్టెలు గుమ్మం దాకా తెచ్చి మళ్లీ లోపలికి పోయినట్టు. పగలూ రాత్రీ మార్చకుండా ఉంచిన గదుల్లో పెంచినా పక్షుల్లో ఏడాది లయ ఆగదని ప్రయోగాల్లో తేలింది. ఆ లోపలి గడియారం ఇప్పుడు ఈ బురద మీద కొడుతోంది.

పొద్దున్నటి పెద్దాయన వలతో తిరిగి వస్తూ ఆగుతాడు. ఇద్దరం కట్ట మీద కూర్చుంటాం. వల అడుగున పిడికెడు రొయ్యలు.

ఆరుంబావు. సూర్యుడు సూళ్లూరుపేట వైపు దిగిపోయాడు. ఒక్కసారిగా గుంపులోంచి అరుపులు. పొద్దుటి గాజుపూసల చప్పుడు కాదు, తెరలు తెరలుగా, గట్టిగా, పిలుపులా. ముప్పై నలభై లేస్తాయి. ఈసారి చుట్టు తిరిగి దిగవు. మెలికలు తిరుగుతూ పైకి, ఇంకా పైకి. బైనాక్యులర్ ఎత్తిన మెడ నొప్పి పుడుతుంది. అంత ఎత్తున గుంపు సాగి ఒక వంకర గీత అవుతుంది. ఆ గీత ఉత్తరానికి తిరుగుతుంది. మునిగిన సూర్యుడి వెలుగు, నక్షత్రాలు, నేల అయస్కాంతం, దారికి అవే గుర్తులు. మూడు పక్షులు మాత్రం విడిపోయి వెనక్కి జారి బురదలో దిగుతాయి. ఇంకా మూట నిండలేదేమో.

కింద బూడిదరంగు పిల్లలు తల ఎత్తలేదు. తింటూనే ఉన్నాయి.

"రాకెట్టు పోతుంటే ఊరూరూ మిద్దెలెక్కి జూస్తాది," అంటాడు పెద్దాయన. "ఇయ్యి పోతుంటే జూసింది మనిద్దరమే."

గీత చుక్కలయింది. చుక్కలు ఆకాశంలో కలిశాయి. నేను బైనాక్యులర్ దించి, ఊపిరి వదిలి, "పోయాయి" అంటాను.

"పోయాయనబాక అబ్బయా," ఆయన లేచి వల దులిపి భుజాన వేసుకుంటాడు. "పోయొస్తాయి అను."