కంప్యూటరు అబద్ధం చెప్పదు(ట!)

ఈమధ్య రెండు రాత్రులు కూర్చుని 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్' అనే బ్రిటిషు సీరీస్ చూశాను. నాలుగే భాగాలు. 2024 జనవరి 1 నుంచి 4 దాకా రోజుకొకటి చొప్పున ఐటీవీలో వచ్చింది. హత్యల్లేవు, ఛేజింగుల్లేవు. ఒక పోస్టాఫీసు, ఒక సాఫ్టువేరు, లెక్క తేలని డబ్బు.. ఇంతే కథ. మొదటి రాత్రి రెండు భాగాలు చూసి ఆపేద్దామనుకున్నవాణ్ణి, మూడోది కూడా చూసేసి రెండింటికి పడుకున్నాను. పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

కథ తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

బ్రిటన్ పల్లెల్లో పోస్టాఫీసంటే చాలాచోట్ల ఓ చిన్న కొట్టు. పాలు, రొట్టెలు, పేపర్లు అమ్మే కొట్లోనే ఓ మూల పోస్టాఫీసు కౌంటరు ఉంటుంది. దాన్ని నడిపే మనిషిని సబ్ పోస్టుమాస్టర్ అంటారు. పేరుకి పోస్టుమాస్టరే గానీ ఆయన ఉద్యోగి కాదు. సొంత డబ్బు పెట్టి కొట్టు కొనుక్కుని, కాంట్రాక్టు మీద కౌంటరు నడుపుతాడు. తన అజాగ్రత్త వల్ల, పొరపాటు వల్ల వచ్చిన నష్టం తనే కట్టుకోవాలని కాంట్రాక్టులో ఉంది. పోస్టాఫీసు మాత్రం దానికి 'ఏ నష్టమైనా నువ్వే కట్టాలి' అని అర్థం చెప్పుకుంటూ వచ్చింది.

1996లో ఐసీఎల్ అనే కంపెనీకి (తర్వాత ఫుజిత్సులో కలిసిపోయింది) ఒక పెద్ద కాంట్రాక్టు దక్కింది. పింఛన్లూ భృతులూ కార్డు గీకి ఇచ్చే సిస్టమ్ కట్టాలి. అది ఆలస్యమై ఆలస్యమై, 1999లో ప్రభుత్వం కార్డు సంగతే వదిలేసింది. అప్పటిదాకా కట్టింది పారేయలేరు కదా! మిగిలినదాన్ని కౌంటరు లెక్కలకి వాడుకుందాం అన్నారు. అదే హొరైజన్. ఒక పని కోసం మొదలుపెట్టి ఇంకో పనికి తగిలించిన సిస్టమ్ ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సీరీస్‌లో లేని ఒక సంగతి చెప్పాలి. 1998లోనే ఆ కంపెనీ లోపల ఒక బృందం కౌంటరు లెక్కల కోడును పరిశీలించి రిపోర్టు రాసింది. అందులో ఒక ఫంక్షన్ ఉదాహరణగా ఇచ్చారు. ఒక సంఖ్య గుర్తు తిరగెయ్యాలి, అంటే ప్లస్‌ని మైనస్ చెయ్యాలి, మైనస్‌ని ప్లస్ చెయ్యాలి. మీరూ నేనూ అయితే ముందు ఒక మైనస్ తగిలించి టీకి వెళ్ళిపోతాం. వాళ్ళ కోడు ఏం చేసిందంటే.. సంఖ్య మైనస్ అయితే దాని గుర్తు తీసేయి, ప్లస్ అయితే ఆ సంఖ్యలోంచి దానికి రెట్టింపు తీసేయి! జవాబు తప్పు రాదు. కానీ రాసినవాడి చేతిలో జనం డబ్బు లెక్కలు పెట్టొచ్చా అన్నది ప్రశ్న. ఆ భాగాన్ని మళ్ళీ రాయాలని బృందం చెప్పింది. పైవాళ్ళు మాత్రం బగ్గులు వచ్చినప్పుడు సరిచేసుకుంటూ పోదాం అనుకున్నారు. ఈ మాట ఎన్ని మీటింగుల్లో విన్నామో!

ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం. హాంప్‌షైర్‌లో సౌత్ వార్న్‌బరో అని ఒక పల్లె. అక్కడ జో హామిల్టన్ కొట్టూ, పోస్టాఫీసూ నడిపేది. ఒకరోజు లెక్కలో 2,000 పౌన్లు తగ్గాయి. హెల్ప్ లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టే నొక్కుతూ పోతే కళ్ళముందే అది 4,000 అయింది. సీరీస్‌లో మోనికా డోలన్ ఈ సీన్ చేసిన తీరు చూడాలి. ఏడవదు, అరవదు. తెర వంక అలా చూస్తూ ఉండిపోతుంది. చివరికి 36,000 పౌన్లు దొంగిలించావని కేసు పెట్టారు. జైలు భయంతో, దొంగతనం ఆరోపణ ఎత్తేస్తే చాలని దొంగలెక్కలు రాశానని ఒప్పుకుంది. డబ్బు కట్టడానికి ఊరివాళ్ళు సాయం చేశారు.

ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ హెల్ప్ లైన్ చెప్పిన మాట ఒకటే.. 'ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది.' నాకు సీరీస్ మొత్తంలో అన్నిటికన్నా భయం వేసిన డైలాగు ఇదే. 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. వాళ్ళలో చాలామంది తన ఒక్కరికే ఇలా జరిగిందనుకుంటూ కోర్టు మెట్లెక్కారు. పైగా ఎక్కువ కేసులు పోలీసులు పెట్టినవి కాదు, పోస్టాఫీసే సొంతంగా పెట్టింది. ఫిర్యాదుదారూ, విచారణ అధికారీ, ప్రాసిక్యూటరూ అన్నీ తనే!

'మరి కోర్టులు ఏం చేస్తున్నాయి?' అని అడుగుతారు. అక్కడే ఉంది తిరకాసు. ఇంగ్లండులో 1984 నాటి ఒక చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. కంప్యూటరు కాగితాన్ని సాక్ష్యంగా చూపించాలంటే, ఆ కంప్యూటరు సరిగ్గా పనిచేస్తోందని చూపించేవాడే నిరూపించాలి. ఇది మరీ ఇబ్బందిగా ఉందని 1999లో రద్దు చేశారు. 2000 ఏప్రిల్ నుంచి, తేడా ఉందని ఎవరైనా చూపించేదాకా కంప్యూటరు సరిగ్గానే పనిచేస్తోందని కోర్టు అనుకుంటుంది. సరిగ్గా హొరైజన్ ఊరూరా పెడుతున్న రోజులవి. తేడా చూపించాలంటే లాగులు కావాలి. లాగులు ఫుజిత్సు దగ్గర ఉన్నాయి. పల్లెలో కొట్టు నడుపుకునే మనిషి ఎక్కణ్ణుంచి తెస్తాడు?

తేడాలు మాత్రం ఉన్నాయి. 2015లో స్కాట్లండులోని డాల్‌మెల్లింగ్‌టన్ దగ్గర ఒకావిడ 8,000 పౌన్లు ఇంకో కౌంటరుకి మారుస్తుంటే తెర బిగుసుకుపోయింది. ఎంటర్ మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. నాలుగుసార్లు మారినట్టు రాసుకుంది సిస్టమ్. 24,000 పౌన్ల తేడా. ఒక బటన్ రెండోసారి నొక్కితే ఏమవ్వాలి అన్నది మనం ఫ్రెషర్లని ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న!

ఇంకోటి సీమా మిశ్రా కేసు. ఇండియా నుంచి వెళ్ళిన మనిషి, వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపేది. 2010 నవంబరు 11న, కొడుకు పదో పుట్టినరోజున, గర్భంతో ఉండగా ఆమెకి 15 నెలల జైలుశిక్ష వేశారు. ఆ విచారణకి కొద్ది రోజుల ముందే, సుమారు 60 బ్రాంచీల లెక్కల్ని దెబ్బతీసిన ఒక బగ్గు గురించి పోస్టాఫీసువాళ్ళూ ఫుజిత్సువాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారు. బ్రాంచీలకి చెప్తే నడుస్తున్న కేసుల మీద ప్రభావం పడొచ్చని కాగితం మీద రాసుకున్నారు కూడా. కోర్టులో జ్యూరీకి అది చూపించలేదు.

సీరీస్ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే. పోస్టాఫీసు పెద్దల్ని బాగానే చూపించారు. ఆలన్ బేట్స్‌గా టోబీ జోన్స్ అద్భుతం. లెక్కలు చూసుకునే వీలు ఇవ్వకుండా బాధ్యత మాత్రం నాదే అంటే ఒప్పుకోను అని మొండికేసి, 2003లో లాండుడ్నోలో పోస్టాఫీసు పోగొట్టుకున్న మనిషి. ఒక్కసారి కూడా గొంతు పెంచడు. కానీ మనవాళ్ళు, అంటే కోడు రాసినవాళ్ళు, ఎక్కడ? 2008లో మైకెల్ రడ్కిన్ అనే పోస్టుమాస్టర్ల సంఘం నాయకుడు బ్రాక్‌నెల్‌లో ఫుజిత్సు ఆఫీసుకి వెళ్తే, బ్రాంచీల లెక్కలు అక్కణ్ణుంచే మార్చొచ్చని ఒకతను చూపిస్తాడు. మర్నాడే రడ్కిన్ బ్రాంచిలోకి ఆడిటర్లు దిగుతారు. ఆ సీన్ తప్పిస్తే ఇంజినీర్లు పెద్దగా కనపడరు. చూసేవాళ్ళకి విసుగని వదిలేశారేమో గానీ, నాకు మాత్రం సగం కథ అక్కడే ఉందనిపించింది.

నిజం తెలియక ఇంతకాలం పట్టలేదు. 2009 మేలో కంప్యూటర్ వీక్లీ పత్రిక ఏడుగురు పోస్టుమాస్టర్ల కథ అచ్చేసింది. 2019లో 555 మంది వేసిన కేసులో జడ్జి ఫ్రేజర్ హొరైజన్‌లో బగ్గులున్నాయని తీర్పిచ్చాడు. 5 కోట్ల 77 లక్షల పౌన్ల రాజీలో ఖర్చులు పోగా వాళ్ళకి మిగిలింది సుమారు కోటీ 20 లక్షలు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. మిగతావాళ్ళు అలాగే ఉన్నారు. నాలుగు రాత్రులు టీవీలో వచ్చాక, జనవరి 10న ప్రధాని సునాక్ చట్టం తెస్తామన్నాడు. మే 24కల్లా చట్టమైంది. పదిహేనేళ్ళు ఆధారాలు చేయలేని పని నటులు వారం రోజుల్లో చేశారు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలీదు. 2025 జూలైలో వచ్చిన విచారణ నివేదిక మొదటి భాగం ప్రకారం, కనీసం 13 మంది దీనివల్ల ఆత్మహత్య చేసుకుని ఉండొచ్చు. వాళ్ళకి ఏ చట్టం పనికొస్తుంది?

'అదంతా ఇంగ్లండు గొడవ' అనుకోకండి. మన దగ్గర ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్టు కావాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్. కంప్యూటరు సరిగ్గా పనిచేస్తోందని ఒక మనిషి సంతకం పెట్టాలి. కొత్త ఫారంలో నిపుణుడు నింపే భాగం కూడా ఒకటుంది. ఆ సంతకం రేపు మీదో నాదో కావచ్చు. ఏం చూసి పెడతాం?

ఇక నిద్ర పట్టని సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను ఒక బిల్లింగు సాఫ్టువేరుకి సపోర్టు చేసేవాణ్ణి. ఒక కొట్లో క్యాషియరు వారంలో మూడుసార్లు ఫోన్ చేశాడు. 'సార్, నేను రూపాయి ముట్టుకోలేదు సార్, లెక్క తగ్గుతోంది.' నేను క్వెరీ నడిపి చూశాను. డేటాబేసులో కూడిక సరిపోయింది. 'యూజర్ తప్పు' అని రాసి టికెట్టు మూసేశాను. నెల తిరక్కుండా ఇంకో కొట్టు నుంచి అదే ఫిర్యాదు. ఈసారి లాగులు తవ్వితే, నెట్‌వర్కు నెమ్మదించినప్పుడు అమ్మిన సరుకు రెండుసార్లు నమోదవుతోంది. డేటాబేసులో కూడిక సరిపోకేం, సరిపోతుంది. రెండుసార్లు రాసుకుని రెండుసార్లు కూడుకుంది కదా! బగ్గు సరిచేశాం, మేనేజరు మెచ్చుకున్నాడు. మొదటి కొట్టుకి ఫోన్ చేస్తే, ఆ అబ్బాయి తగ్గిన డబ్బు జీతంలోంచి కట్టేసి మానేశాడని చెప్పారు. నేను 'అలాగా' అని పెట్టేశాను. పాత టికెట్టు తెరిచి 'తప్పు మాది' అని రాయలేదు. అతని పేరు కూడా అడగలేదు.

నా దగ్గర ప్రాసిక్యూటర్లు లేరు కాబట్టి అది జీతంతో పోయింది, అంతే తేడా. మొన్న సోమవారం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒక టికెట్టు 'యూజర్ తప్పు' అని మూసెయ్యబోతుంటే ఆపాను. 'ఆవిడతో మాట్లాడావా? ఇంకెవరైనా ఇలాగే చెప్పారేమో వెతికావా?' అన్నాను. లేదన్నాడు. ఇద్దరం కూర్చుని పాత టికెట్లు వెతికాం. ఇంకో రెండు దొరికాయి.