విప్పారిన కనుపాప

1819వ సంవత్సరమున జర్మనీలోని యేనా పట్టణమందు ఫ్రీడ్లీబ్ రుంగే అను యువ రసాయనశాస్త్ర విద్యార్థి ఒక పిల్లిని చంకనిడుకొని మహాకవి గేథే సన్నిధికి పోయి, బెల్లడోనా సారము తగిలిన దాని యొక కన్ను పూర్తిగా విచ్చుకొని నల్లగా నుండగా, రెండవ కన్ను పగటి వెలుతురునకు నిలువుగీతయై సన్నగిలి యుండుటను ప్రత్యక్షముగా చూపించెను. ముచ్చటపడిన గేథే కొన్ని కాఫీగింజలనిచ్చి వీని సారమేమో తేల్చుమనగా అతడు కెఫీన్‌ను వెలికిదీసెననుట వేరు కథ. తెల్లవారి కాఫీ గొంతు దిగనిదే పెదవి విప్పని మనవారు ఆ పిల్లికి కొంత ఋణపడియున్నారు.

మన పొలముగట్ల ఉమ్మెత్తలోను బెల్లడోనా కోవకు చెందిన విషమే కలదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అను శాస్త్రవేత్త ఆఫ్తాల్మోస్కోపను పరికరమును ప్రకటించి, బ్రతికియున్న మనుష్యుని రెటీనాను చూడ వీలుకల్పించిన పిమ్మట కంటివైద్యులకు ఇట్టి మందుతో పని పెరిగినది. ఏలయన లోనికి చూచుటకు వెలుగు కావలెను, వెలుగు పడినతోడనే కనుపాప ముడుచుకొనును. ఆ దశకముననే వియన్నాలో ఎడ్వర్డ్ ఫాన్ యేగర్ మధుమేహరోగి రెటీనాలోని మార్పులను వర్ణించెను. ఈ కోవలోని అట్రోపీన్ వేసినచో దగ్గరిచూపు వారముదాక మసకబారుచుండెడిది. ట్రోపికమైడ్ అను చుక్కమందు వచ్చిన తరువాత అరగంటలో కనుపాప విచ్చుకొని, కొన్ని గంటలలో కుదుటబడుచున్నది.

ఐనను చుక్కలు వేసినచో కంటి పీడనము హఠాత్తుగా పెరిగి నీటికాసులు వచ్చునేమోయను శంక వైద్యులను సైతము చిరకాలము వెనుకకు లాగినది. 2000లో డయబెటిక్ మెడిసిన్ పత్రికయందు వెలువడిన సమీక్షలో, ట్రోపికమైడ్ ఒక్కటే వాడినవారిలో అట్టి ఉపద్రవ మొక్కటియు కానరాలేదు. మధుమేహము నొప్పి లేకయే, చూపు చక్కగా నుండగనే రెటీనాను చెరచు వ్యాధి గనుక, శంకించి చూడక విడిచిన కన్నులకే హాని యెక్కువ కలిగినదని నా తలంపు.

నిజముగా జాగరూకత వలసినది ఫినైలెఫ్రిన్ అను మరొక చుక్కమందు విషయమున. చిరకాల మధుమేహమున కనుపాపను విప్పు నరములు సడలి, ట్రోపికమైడ్ చాలక, దీనిని జోడింపవలసివచ్చును. ఐతే 10 శాతపు ద్రావణము రక్తపోటును ఒక్కసారిగా పెంచగలదు కావున, వృద్ధులకును హృద్రోగులకును 2.5 శాతమే మేలు. చుక్క పడినంతనే కన్నుమూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొలికిని ఒకటి రెండు నిమిషములు వ్రేలితో అదిమినచో మందు రక్తములోనికి దిగుట తగ్గును. పూర్వము నీటికాసులు వచ్చినవారును, గుండెజబ్బు గలవారును ఆ సంగతి ముందే చెప్పవలెను.

పరీక్షకు పోవువారు నల్లకళ్లద్దములను, తోడుగా ఒకరిని వెంటబెట్టుకొనుట మంచిది. చూపు తేరువరకు బండి నడపరాదు. ఇన్సులిన్ సిరంజిపై గీతలు సైతము ఆ పూట అలుకుకొనిపోయి కనబడును కనుక మోతాదును ఇంటివారిచే చూపించుకొనవలెను. ఇంటికి వచ్చిన పిదప కన్ను ఎఱ్ఱబడి తీవ్రముగా నొచ్చినను, దీపము చుట్టు రంగుల వలయములు తోచినను, వాంతి యైనను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.