రక్తపు సంచికి ఆ మెత్తదనం ఎక్కడిది?

మా చెల్లె కాన్పప్పుడు కరీంనగర్‌లో రక్తం ఎక్కించారు. "ఈ సంచి ఇంత మెత్తగ ఎట్లున్నదే?" అని మా అత్తమ్మ అడిగింది. నాకూ తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను.

పీవీసీ ప్లాస్టిక్ అసలు గట్టిది, నీళ్ల పైపులాగా. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లనే నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. రక్తపు సంచుల్లో ఎక్కువగా వాడింది డీఈహెచ్‌పీ. అది ప్లాస్టిక్‌లో కలిసి ఉంటుందే గానీ గట్టిగా అతుక్కోదు. కొవ్వు తగిలితే మెల్లగా అందులోకి దిగుతుంది. రక్తంలోనూ కొవ్వు ఉంటుంది కదా!

1950 ప్రాంతంలో ప్లాస్టిక్ సంచులు వచ్చేదాకా రక్తాన్ని గాజు సీసాల్లో దాచేవారు. అవి పగిలేవి. 1970లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జేగర్, రూబిన్ అనే శాస్త్రవేత్తలు నిల్వ రక్తంలోనూ, రక్తం ఎక్కించుకున్నవారి శరీరంలోనూ ఈ రసాయనాన్ని గుర్తించారు. చిత్రమేమిటంటే, నిల్వలో ఎర్ర రక్తకణాలు పాడవకుండా అదే కాపాడుతుందని తర్వాత తేలింది.

అసలు చిక్కు కొలవడంలో వచ్చింది. ల్యాబ్‌లో గొట్టాలూ మూతలూ ప్లాస్టిక్‌వే. పసుపు చేతులతో చీర పట్టుకుని, దీనికి పసుపు అంటిందా అని చూసినట్టే! అందుకని థాలేట్‌ను వదిలి, మన శరీరం దాన్ని విరిచి మూత్రంలో పంపే రూపాన్ని కొలవసాగారు. ఆ రూపం ల్యాబ్ సామానులోంచి రాదు.

2000లో అమెరికా సీడీసీ వాళ్లు 289 మంది పెద్దవాళ్ల మూత్రం పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. 20 నుంచి 40 ఏళ్ల ఆడవాళ్లలో, అంటే పిల్లల్ని కనే వయసువాళ్లలో, డైబ్యూటైల్ థాలేట్ ఆనవాలు మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించింది. గోళ్లరంగుల్లో వాడిన రసాయనమే అది. ఎలుకల్లో కడుపులోని పిల్లల ఎదుగుదలను ఇది దెబ్బతీస్తుందని అప్పటికే తెలుసు. మూత్రంలో కనబడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కానీ ఒకటి రెండు రోజుల్లో బయటికి పోయే పదార్థం ఎప్పుడు చూసినా కనబడుతోందంటే, రోజూ లోపలికి వస్తోందన్నమాట. రాక ఆపితే పోతుంది కూడా.

మూడేళ్లలోపు పిల్లలు నోట్లో పెట్టుకునే మెత్తని పీవీసీ బొమ్మల్లో థాలేట్లను యూరప్ 1999లోనే ఆపింది. అది చదివాక మన ఆదిలాబాద్ వైపు నిర్మల్‌లో పొనికి కర్రతో చెక్కే బొమ్మలు గుర్తొచ్చాయి. కర్రను మెత్తబరచాల్సిన పనే లేదు.

అక్కల్లారా, ప్రాణం మీదికొస్తే రక్తపు సంచిని చూసి భయపడకండి. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం గోళ్లరంగు సీసా తిప్పి, దాని మీద రాసింది చదవండి. లేదంటే మన గోరింటాకు ఉండనే ఉంది.