అమెరికా సిటిజన్‌షిప్ టెస్ట్: ఇంగ్లీష్ రాని పేరెంట్స్ తెలుగులో జవాబు చెప్పొచ్చా?

పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డుపై వెళ్లిన తల్లిదండ్రుల్లో చాలామందికి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అంటేనే గుబులు. ఇంగ్లీష్ రాదు కదా అని అప్లికేషనే పెట్టనివాళ్లూ ఉన్నారు. నిజానికి కొందరికి వెసులుబాటు ఉంది.

దరఖాస్తు నాటికి 55 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో అమెరికాలో 15 ఏళ్లు ఉంటే ఇంగ్లీష్ పరీక్ష ఉండదు. 50 నిండినవాళ్లయితే 20 ఏళ్లు ఉండాలి. చరిత్ర, ప్రభుత్వంపై అడిగే ప్రశ్నలకు ఇంటర్‌ప్రెటర్ సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు.

చిక్కంతా లేటుగా వెళ్లినవారికే. అరవైల్లో వెళ్లి 15 ఏళ్లు ఆగడమంటే మాటలా? ఐదేళ్లకే అప్లై చేయాలంటే ఇంగ్లీష్ తప్పదు. అలాగని హడలిపోనక్కర్లేదు. చదవమని ఇచ్చే మూడు వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా చదివితే చాలు. రాయడమూ అంతే.

2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవారికి 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 కరెక్ట్‌గా చెప్పాలి. అంతకుముందు 10కి 6 చాలు. ప్రశ్నలు, జవాబులు యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. చాలాచోట్ల పబ్లిక్ లైబ్రరీల్లో ఫ్రీ క్లాసులూ ఉంటాయి.

మధ్యలో ఇండియా వచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోతే ఐదేళ్ల లెక్క దెబ్బతినొచ్చు. సిటిజన్‌షిప్ వస్తే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు తీసుకున్నా ఇక్కడ ఓటు ఉండదు, కొత్తగా పొలం కొనే వీలూ ఉండదు.