కుంచం – వీసె: తెలుగు మానాలలో ద్రవ్యభావన

తెలుగునాట ధాన్యాన్ని కొలిచేవారు, బంగారాన్ని తూచేవారు. ఈ రెండు క్రియలూ ద్రవ్యానికి గల రెండు వేర్వేరు ధర్మాలను సూచిస్తాయి. కొలత పదార్థం ఆక్రమించే చోటును, అంటే ఘనపరిమాణాన్ని తెలుపుతుంది. తూకం దాని బరువును తెలుపుతుంది. ప్రాచీన శాసనాలను, వాఙ్మయాన్ని పరిశీలించేటప్పుడు ఈ భేదాన్ని విస్మరిస్తే అన్వయదోషాలు తప్పవు.

9వ శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన 'గణితసారసంగ్రహం' ఆరంభంలోనే ధాన్యానికీ, బంగారానికీ, వెండికీ, ఇతర లోహాలకూ వేర్వేరు పరిభాషలు చెప్పాడు. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథాన్నే. కొలవవలసిన ద్రవ్యాన్ని బట్టి మానం మారుతుందన్న అవగాహన ఈ విభజనకు మూలం.

వ్యవహారంలోని మానాలలోనూ ఇదే విభజన కనిపిస్తుంది. ప్రాంతభేదాలున్నా, బహుళ ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం 4 గిద్దలు ఒక సోల, 4 సోలలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. అంటే పుట్టికి 320 మానికలు. తూకంలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువు.

పదనిర్మాణం కూడా ఈ భేదాన్ని కొంతవరకు నిలుపుకొంది. కుంచెడు, సోలెడు, గంపెడు, దోసెడు వంటి మాటల్లో '-ఎడు' పాత్ర నిండుదనాన్ని తెలుపుతుంది. తులమెత్తు, గురిగింజెత్తు వంటి మాటల్లో 'ఎత్తు' తూగే బరువును తెలుపుతుంది. అయితే 'వీసెడు బెల్లం' వంటి ప్రయోగాలూ ఉన్నందున ఈ హద్దు కచ్చితమైనది కాదు.

కుంచెడు వడ్లు, కుంచెడు బియ్యం ఒకే చోటును ఆక్రమిస్తాయి. కాని ఒకే బరువు తూగవు. పొట్టుతో కూడిన వడ్ల రాశి సాంద్రత తక్కువ కావటమే ఇందుకు కారణం. కనుక శాసనంలోని 'పుట్టి'ని కిలోగ్రాములలోకి మార్చేముందు అది ఏ ధాన్యమో, ఆ ప్రాంతపు కుంచం ఎంతటిదో నిర్ధారించాలి. పైగా పుట్టెడు విత్తనం పట్టే నేలను 'పుట్టెడు భూమి' అనటం వల్ల అదే పదం వైశాల్యానికీ వర్తించింది. సందర్భం చూడనిదే అర్థం తేలదు.

1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరు నుంచి దేశంలో మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. ధాన్యం క్రమంగా కుంచాన్ని వదిలి కాటాకెక్కింది. అంగడిలో చెల్లని మానాలు నుడికారంలో మాత్రం నిలిచాయి: దుఃఖం నేటికీ పుట్టెడే, లేదనుకునే అనుమానం వీసమెత్తే. నిఘంటువులు ఈ మాటలకు 'అధికం', 'స్వల్పం' అన్న అర్థాలతో సరిపెట్టక, ఏది కొలతో ఏది తూకమో కూడా నమోదు చేసినప్పుడే వాటి చరిత్ర దక్కుతుంది.