న్యూట్రల్ ఎప్పుడు వేయాలి? బోధన్ చెరకు బండ్ల నుంచి కొండగట్టు దాకా

ఈ రోజు మాట్లాడుకునేది అదుపు తప్పిన బండ్ల గురించి. ప్రశ్న ఒక్కటే. బండి నడిపే మనిషికి బండి లోపల ఏం జరుగుతుందో తెలియాలా, లేక స్టీరింగ్ తిప్పడం వస్తే చాలా?

కథ మన బోధన్ నుంచే మొదలుపెడదాం. 1931కి నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, 1930ల చివరికల్లా శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. చెరకు తోలింది ఎడ్ల బండ్ల మీద. ఆ బండి వాలు దిగేటప్పుడు చూడండి, బరువంతా ముందుకు తోస్తుంది. ఎడ్లు వెనక్కి ఆనుకుని కాడితో ఆ బరువును ఆపుకుంటూ దిగుతాయి. అంటే లాగేవీ అవే, ఆపేవీ అవే. వాలులో ఎడ్లను విప్పేసి బండిని వదిలితే ఏమవుతుందో ఊళ్లో చిన్న పిల్లగాడిని అడిగినా చెప్తాడు.

ఆ కాలంలోనే, 1932 జూన్‌లో, నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. స్కాట్లాండ్ నుంచి తెచ్చిన ఆల్బియన్ బస్సులవి. ఆనాటి పెద్ద బండ్లలో గేరు మార్చాలంటే ఇంజన్ వేగాన్నీ చక్రాల వేగాన్నీ చెవితో విని కలపాలి, క్లచ్ రెండుసార్లు తొక్కాలి. లోపల ఏముందో తెలియకపోతే బండి కదలనే కదలదు. తర్వాత బండ్లు సులువయ్యాయి. మంచిదే, నేనేం పాతకాలాన్ని పొగడటం లేదు. కానీ ఆ సులువుతో పాటు ఒక తెలివి కూడా జారిపోయింది.

ట్రాక్టర్‌నే తీసుకోండి. దానికి బ్రేకు పెడళ్లు రెండుంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంలో గట్టు దగ్గర గిర్రున తిప్పడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కొక్కెంతో కలపాలి. కలపకుండా వేగంలో ఒకటే తొక్కారనుకోండి, ఒక పక్క చక్రం ఆగుతుంది, రెండో పక్కది పోతూనే ఉంటుంది, ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. వెనక చెరకు ట్రాలీ. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు, ఆ టన్నుల బరువు ఆగదు కదా, ముందున్న ట్రాక్టర్‌ను తోసేస్తుంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఉన్న కాస్త చెరకు ఇంకా దూరం పోవాల్సి వచ్చింది. దూరం పెరిగిందంటే వాలులూ పెరిగినట్టే.

ఇప్పుడు కొండగట్టు. మన పక్క జిల్లా జగిత్యాలలో. 2018 సెప్టెంబరు 11, మంగళవారం, అంజన్న దర్శనం రోజు. పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ మందితో ఘాటు దిగుతున్న ఆర్టీసీ బస్సు మలుపు దగ్గర లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు, డ్రైవర్ కూడా పోయాడు. బ్రేకులన్నారు, జనమన్నారు, ఆ దారిలో బస్సు పంపడమే తప్పన్నారు. పోయినాయన మీద తీర్పు చెప్పడం నా పని కాదు. ఘాటు దగ్గర బండికి ఏమవుతుందో మాత్రం లెక్క చెప్తాను.

15 టన్నుల బస్సు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. ఆ శక్తి ఎక్కడికో పోవాలి. అంతా బ్రేకుల్లోకే పోతే, దాదాపు 50 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి. లైనర్లు అంత కాగితే పట్టు తప్పుతాయి, పెడల్ తొక్కినా బండి ఆగదు. అందుకే చిన్న గేరులో దిగమంటారు, అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. అదే మన ఎద్దు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తే ఎడ్లను విప్పేసినట్టే.

అయితే ఇంకో కథ ఉంది. 2009 ఆగస్టులో అమెరికాలో, శాన్ డియాగో దగ్గర, డీలర్ తాత్కాలికంగా ఇచ్చిన లెక్సస్ కారులో యాక్సిలరేటర్ కింది మ్యాటుకు చిక్కుకుంది. బండి ఆగలేదు, నలుగురు పోయారు. నడిపింది ఎవరో కొత్తవాడు కాదు, హైవే పోలీసు అధికారి. ఆ కారులో తాళం చెవి తిప్పే పని లేదు, బటనే. బండి నడుస్తుండగా ఇంజన్ ఆపాలంటే దాన్ని మూడు సెకన్లు నొక్కి పట్టాలి. అక్కడ న్యూట్రల్ వేయగలిగితే ఇంజన్ అరుస్తుంది కానీ చక్రాలకు బలం అందదు, బండి ఆగే దారి దొరుకుతుంది.

చూశారా! ఘాటులో న్యూట్రల్ ప్రాణం తీస్తుంది, పెడల్ ఇరుక్కుంటే అదే న్యూట్రల్ ప్రాణం కాపాడుతుంది. "న్యూట్రల్ వేయొద్దు" అని బట్టీ పట్టినవాడు రెండో చోట దెబ్బతింటాడు. ఇంజన్‌కీ చక్రానికీ మధ్య గేరు ఏం చేస్తుందో తెలిసినవాడికి రెండు చోట్లా దారి ఉంటుంది. డ్రైవర్‌కు పిస్టన్ రింగులు మార్చడం రావాలని నేననను, దానికి మెకానిక్ ఉన్నాడు. ఇది మాత్రం రావాలి.

విచిత్రమేమిటంటే మన చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో డ్రైవింగ్ స్కూలు పాఠ్యక్రమం ఉంది, అందులో వాహన యంత్రాంగం, మరమ్మతులు ఒక భాగం. మీలో ఎంతమందికి ఆ పాఠం చెప్పారు? నాకైతే చెప్పలేదు. 'ఎనిమిది' వేయించారు, సంతకం పెట్టించారు, పంపించారు.

మీది బటన్ బండైతే, నడుస్తుండగా ఇంజన్ ఎలా ఆపాలో దాని పుస్తకంలో ఉంటుంది. రేపు బండి తీసే ముందు ఆ పేజీ ఒకసారి చూడండి. ట్రాక్టర్ ఉన్నవాళ్లు ఆ కొక్కెం చూసుకోండి.