బరి తెగించింది ఎవరు?

తుమ్మలపల్లె అనంగానే అందరికీ యురేనియం గనే గుర్తొస్తాది. నేను చెప్పబోయేది మా బడికాడ పిల్లోళ్లు ముగ్గుపిండితో గీసే గీత సంగతి. దాని పేరు బరి.

బరి అంటే హద్దు. చెడుగుడుకు చుట్టూ గీసేది బరి. గీత తొక్కితేనే ఔటని మేం చిన్నప్పుడు కొట్లాడుకునేవాళ్లం. అది తప్పు. కబడ్డీ నిబంధనల్లో గీత కూడా ఆటస్థలంలో భాగమే, 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పుంటాది. దాని అవతల నేలను తాకితేనే ఔట్. మగోళ్ల కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. ఆ వెడల్పులోనే రెండు పక్కలా మీటరు మీటరు లాబీ. కూతకొచ్చినోడు ఎవరినీ ముట్టుకోకముందు లాబీ బయటి కింద లెక్క. ముట్టుకున్యాక అదీ లోపలే. అంటే ఒక్క కూతలోనే హద్దు జరుగుతాది!

ఇంగ పత్రికలోళ్లు. 'ఎన్నికల బరిలో ముగ్గురు' అని రాస్తారు. గీతలో ముగ్గురు ఎట్ల పడతారప్పా అని నవ్వుకునేవాణ్ణి. కానీ గోదావరి జిల్లాల్లో కోడిపందేలు జరిగే చోటునే బరి అంటారు. గీత పేరు గీత లోపలి నేలకు పాకింది, అంతే. దాన్ని తప్పనలేం.

నాకు కోపమొచ్చేది 'బరితెగించడం' కాడ. బరి దాటడం అనే దాని అర్థం. నాయకుడు నోటికొచ్చింది వాగితే 'బరితెగించి మాట్లాడినాడు' అంటాం, ఆ మాట ఆ పూటతో పోతాది. ఆడమనిషిని అంటే మాత్రం ఆమె బతుకు మీదనే మచ్చ పడుతుంది.

మా అన్న కూతురు నిక్కరేసుకుని కబడ్డీకి పోతాంటే రచ్చబండ మీద ఒక పెద్దాయన ఆ మాటే అన్న్యాడు. పిల్ల ఇంటికొచ్చి, "చిన్నాయనా, నేను ఆటంతా బరి లోపలే ఉంటి గదా, ఒక్కసారే బయట కాలు పెట్టింది. ఆయన యాడ చూసినాడు?" అనింది. నేనేం చెప్పేది?

వార్తల్లో ఆడోళ్ల మీద ఆ మాట రాయడం మనం మానుకోవాల. పెద్దాయన్ను మాత్రం వచ్చే ఆదివారం ఆట చూసేకి రమ్మని పిలిచినా. ఆడపిల్లల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు, గీత పక్కనే కుర్చీ ఏస్తామని చెప్పినా. వస్తాననలే, రాననలే.